సిలోయం సొరంగం, గోదావరిఖని ప్లే డే

డిసెంబరు 23 సింగరేణి ఆవిర్భావ దినం. రెండు రోజులకే క్రిస్మస్. ఆ వారంలో గోదావరిఖని వెళ్తే ఒకవైపు కంపెనీ గ్రౌండులో స్టాళ్ళూ పిల్లల డాన్సులూ, మరోవైపు క్వార్టర్ల వరండాల్లో వేలాడే రంగు కాగితాల నక్షత్రాలూ కనిపిస్తాయి. నేను వెళ్ళింది మాత్రం చదువు కోసం. ఊళ్ళో ఒక చిన్న చర్చి వెనక గదిలో శనివారం సాయంత్రాలు కొందరు గని కార్మికులు కూర్చుని ప్రాచీన ఇశ్రాయేలు చరిత్ర చదువుతున్నారని ఒక మిత్రుడు చెప్పాడు. ప్రార్థన వేరే రోజుల్లో ఉంటుందట, శనివారం పుస్తకాలేనట. నమ్మబుద్ధి కాలేదు. వెళ్ళి చూడాలనిపించింది.

కొంతకాలంగా పాశ్చాత్య భావాల పుట్టుక గురించిన పుస్తకాలు తిరగేస్తున్నాను. ఎవరు రాసినా రెండు ఊళ్ళ పేర్లే చెబుతారు: ఏథెన్సు, యెరూషలేము. ఏథెన్సు మనకు కాలేజీ రోజుల నుంచీ తెలిసిన ఊరే. సోక్రటీసు, ప్లేటో, ప్రజాస్వామ్యం అంటూ పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. యెరూషలేము దగ్గరకు వచ్చేసరికి, అది క్రైస్తవుల సంగతని మాబోటి వాళ్ళం పక్కన పెడతాం. క్రైస్తవులేమో అది భక్తి సంగతని ప్రశ్నలు వేయరు. చరిత్రగా చదివేవాళ్ళు రెండు వైపులా తక్కువే. అలాంటిది బొగ్గుబాయి దిగి వచ్చిన మనుషులు చదువుతున్నారంటే రైలెక్కక తప్పలేదు.

రామగుండం స్టేషన్ కాజీపేట, బల్హార్షా మధ్య లైను మీద ఉంది. దిగగానే ఎన్టీపీసీ చిమ్నీలు పలకరిస్తాయి. ఆ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లు. గోదావరిఖని దాకా ఆటోలో వెళ్తుంటే రోడ్డు పక్క చెట్ల ఆకులు ఏ రంగులో ఉండాలో ఆ రంగులో లేవు. ఆటో డ్రైవర్ అద్దం తుడుచుకుంటూ, "గిది పొద్దుటి నుంచి మూడోసారి సారూ" అన్నాడు.

చదువు నడిపేది ఒక గని ఎలక్ట్రీషియన్. ముప్పై అయిదేళ్ళుంటాయి. సేరంపూర్ వాళ్ళ దూరవిద్యలో క్రైస్తవ అధ్యయనాల డిగ్రీ చేశాడు. సేరంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన పట్టా ఇవాళ్టికీ చెల్లుతోంది. దాని పేరుమీద ఒక సింగరేణి కార్మికుడు నైట్ షిఫ్ట్ దిగి వచ్చి హీబ్రూ ప్రవక్తల మీద పరీక్ష రాయడం నాకైతే ఆ రాజుగారి మొత్తం పాలనకంటే ఆసక్తికరమైన విషయం. గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పాత నిబంధన కాలపు పటం, పక్కనే సేఫ్టీ వారోత్సవాల క్యాలెండరు. వచ్చినవాళ్ళందరూ క్రైస్తవులు కారు. ముందు వరసలో కూర్చున్న రిటైరైన కోల్ ఫిల్లర్ అయితే ఎర్రజెండా మనిషి, గుడికీ పోడు, చర్చికీ పోడు. "ఈ పోరడు కథ మంచిగ చెప్తడు, అందుకే వస్త" అన్నాడు నాతో. ఎలక్ట్రీషియన్ ఆయన్ని "కాకా" అంటాడు. నేను "అన్నా" అన్నాను.

ఆ సాయంత్రం పాఠం నిర్గమకాండం అయిదో అధ్యాయం. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు ఇటుకలు చేస్తుంటారు. మూడు రోజులు సెలవిమ్మని మోషే అడిగితే ఫరోకు కోపం వస్తుంది. ఇకమీదట గడ్డి ఇవ్వను, వాళ్ళే ఏరుకొచ్చుకోవాలి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటీ తగ్గకూడదని ఆజ్ఞ ఇస్తాడు. లెక్క తగ్గేసరికి దెబ్బలు పడేది ముందుగా ఇశ్రాయేలీయుల్లోంచి పెట్టిన నాయకులకు. వాళ్ళు వెళ్ళి మొరపెట్టుకుంటే మీరు సోమరులంటాడు ఫరో.

పెద్దాయన తొడ చరిచాడు. "మాకు గట్లనే సారూ. టబ్బులియ్యరు, టన్నులడుగుతరు. తట్టా చెమ్మస్ పట్టుకొని టబ్బు కోసం కూసునేది మేము, సాయంత్రం లెక్క తక్కువైందని తిట్లు తినేది సర్దారు. పాపం, ఆ సర్దారు గూడ మనోడే." ఈ అధ్యాయం మీద నేను చదివిన వ్యాఖ్యానాలు ఫరో గుండె ఎందుకు కఠినమైందన్న దాని మీదే పేజీలు నింపాయి. తన్నులు తిన్న మేస్త్రీల దగ్గర ఎక్కువసేపు ఆగిన పండితుడు నాకు గుర్తులేడు.

ఎలక్ట్రీషియన్ నిజాయితీగా ఇంకో మాట చెప్పాడు. ఐగుప్తు నుంచి లక్షల మంది ఒక్కసారిగా బయటికి వచ్చారనడానికి తవ్వకాల్లో ఆధారం దొరకలేదు. ఇశ్రాయేలు అన్న పేరు బైబిలు బయట మొదటిసారి కనిపించేది మెర్నెప్తా అనే ఫరో శిలాశాసనంలో. సుమారు క్రీ.పూ. 1208 నాటిది, 1896లో ఫ్లిండర్స్ పెట్రీకి థీబ్స్‌లో దొరికింది. ఆ జాతి తుడిచిపెట్టుకుపోయిందని చెప్పడానికే ఫరో ఆ పేరు చెక్కించాడు. ఇంచుమించు అదే కాలంలో కనాను కొండల మీద చిన్నచిన్న పల్లెలు పుట్టుకొచ్చాయి. రాజభవనాలు లేవు, పెద్ద గుళ్ళు లేవు. వాళ్ళలో చాలామంది ఆ చుట్టుపక్కల వాళ్ళేనని ఇప్పటి పురావస్తు శాస్త్రజ్ఞులు ఎక్కువమంది అంటారు. అయితే తాము బానిసల సంతతి అని చెప్పుకోవడాన్ని ఆ జనం ఎందుకు ఎంచుకున్నారు? చుట్టూ ఉన్న రాజులు తమను దేవుళ్ళతో ముడిపెట్టుకుంటుంటే?

నేనూ ఒక ముక్క కలిపాను. చరిత్రలో రాతపూర్వకంగా దొరికే మొదటి సమ్మె కూడా ఐగుప్తుదే. మూడో రామ్సెస్ 29వ ఏట, అంటే క్రీ.పూ. 1157 ప్రాంతంలో, రాజుల సమాధులు తొలిచే కార్మికులు ధాన్యం బట్వాడా ఆలస్యమైందని పనిముట్లు పడేసి వెళ్ళి ఒక గుడి దగ్గర కూర్చున్నారు. ఆ సంగతి రాసిన పపైరస్ ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. "అంటే వాళ్ళు గూడ అండర్‌గ్రౌండోళ్ళే" అన్నాడు ఒక యువకుడు. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే చట్టానికి ఎదురుతిరిగి 1981లో సింగరేణి 56 రోజులు ఆగిపోయిన సంగతి పెద్దాయన ఎత్తుకున్నాడు. దాంతో పాఠం అరగంట పక్కదారి పట్టింది. నాకేమీ నష్టం అనిపించలేదు.

మళ్ళీ దారిలో పడింది రెహబాము దగ్గర. దావీదు, సొలొమోను అంటే మనకు వైభవం. సొలొమోను గుడి కట్టడానికి వెట్టికి పంపిన జనం లెక్కలు కూడా రాజుల గ్రంథంలోనే ఉన్నాయి. ఆయన పోయాక కొడుకు రెహబాము ముందుకు ఉత్తర గోత్రాల వాళ్ళు వచ్చి, నీ తండ్రి పెట్టిన భారం తగ్గిస్తే నీకు లోబడి ఉంటామన్నారు. రాజు మూడు రోజులు గడువడిగాడు. ముసలి సలహాదారులు తగ్గించమన్నారు, తనతో పెరిగిన కుర్రవాళ్ళు పెంచమన్నారు. కుర్రవాళ్ళ మాట విన్నాడు. వెట్టిపనుల మీద అధికారిని పంపిస్తే జనం రాళ్ళతో కొట్టి చంపారు. రాజ్యం రెండు ముక్కలైంది. గదిలో అందరూ నవ్వారు, ఎందుకంటే ఆ కథ వాళ్ళకు తెలిసిన వేజ్‌బోర్డు చర్చలా ఉంది.

రాజు కూడా ఒక ఒప్పందానికి లోబడ్డవాడే, మాట తప్పితే నిలదీయవచ్చన్న ఆలోచన యూరప్ రాజకీయాల్లోకి వచ్చిన దారుల్లో ఇదొక పెద్ద దారి. ఒకరి భార్యను చెరిచి, భర్తను చంపించిన దావీదును నాతాను అనే ప్రవక్త మొహం మీదే దోషి అన్నాడు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో రాజును ఎదిరించినవాళ్ళు ఈ కథలనే చేతబట్టుకున్నారు. ఇక్కడొక తిరకాసు మరచిపోకూడదు. రాజుల దైవాధికారాన్ని సమర్థించినవాళ్ళు కూడా అదే పుస్తకంలోంచి అభిషేకం పొందిన సౌలునూ దావీదునూ చూపించారు. ఇశ్రాయేలీయులు తాము బానిసలుగా ఉండి వచ్చామంటూనే బానిసలను ఉంచుకున్నారు కూడా. గంగాజలంలా ఒక్క చోట పుట్టిన పవిత్ర భావాలు అనుకుంటే చరిత్ర చదవనక్కరలేదు.

నేను వాళ్ళకు చెప్పాలని తీసుకెళ్ళింది సిలోయం సొరంగం కథ. అష్షూరు రాజు సన్హెరీబు క్రీ.పూ. 701లో యూదా మీదికి దండెత్తాడు. యెరూషలేముకు ఉన్న ఒకే ఊట గీహోను, అది గోడ బయట. హిజ్కియా రాజు ఆ నీళ్ళను ఊరి లోపలికి మళ్ళించాడని బైబిలు చెబుతుంది. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది. 533 మీటర్లు. నేరుగా తవ్వితే దాదాపు 320 మీటర్లతో పోయేది, పాములా మెలికలు తిరిగింది. రెండు కొసల నుంచీ రెండు జట్లు తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశాయి. మొత్తం పొడవునా వాలు ముప్పై సెంటీమీటర్లకు అటూఇటూ.

1880లో అక్కడ నీళ్ళలో ఆడుకుంటున్న పిల్లలకు గోడ మీద చెక్కిన అక్షరాలు కనిపించాయి. ఆరు పంక్తులు. ఇంకా మూడు మూరలు తవ్వాల్సి ఉండగా అవతలివాళ్ళు పిలుస్తున్న గొంతు ఇవతలికి వినిపించిందని, చివరి రోజున గునపానికి గునపం ఎదురై రాయి పగిలిందని, నీళ్ళు పారాయని, తలమీద వంద మూరల బండ ఉందని అందులో ఉంది. అంతే. రాజు పేరు లేదు. దేవుడి పేరూ లేదు. ఆ రాయిని తర్వాత గోడలోంచి ఊడగొట్టి తీసేశారు, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

ఫోనులో ఫొటో చూపించాను. అది చేతులు మారుతూ గదంతా తిరిగింది. ఇక నేను చెప్పాల్సిందేమీ లేకపోయింది, వాళ్ళే మాట్లాడుకున్నారు. సర్వేయర్ లేకుండా మెలికలు తిరిగిన సొరంగం ఎట్లా కలిసిందని ఒకరు. బండలో పాత పగులు ఉండి ఉంటుంది, నీళ్ళు ఊరిన దారి వెంబడి తవ్వి ఉంటారని మరొకరు. పండితులలో ఒక వర్గం అనేదీ సరిగ్గా ఇదే. పైనుంచి బండ మీద సుత్తితో కొడుతూ లోపలివాళ్ళకు దిక్కు చెప్పి ఉంటారని ఇంకో వర్గం అంటుంది. పెద్దాయనకు ఈ రెండోది నచ్చింది. గ్యాలరీకి గ్యాలరీ కలిసేముందు అవతల డ్రిల్లు మోత ఎట్లా వినిపిస్తుందో, ఎప్పుడు చేయి ఆపాలో వివరించాడు. బొగ్గులో శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో కొత్తవాడికి తెలియదట, పాతవాడికి దూరం కూడా తెలుస్తుందట.

తర్వాత ఆయన గొంతు తగ్గించి, "మనిషి గొంతు ఇనబడితే మంచిదే. నీళ్ళ సప్పుడు ఇనబడొద్దు" అన్నాడు. గదిలో అందరికీ అర్థమైంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి పక్కనున్న పాత పనుల్లోని నీళ్ళు తన్నుకొచ్చి 17 మంది చనిపోయారు. నీళ్ళు నిండిన పాత పనులకు 60 మీటర్ల లోపలికి వస్తే ముందుగా బోర్లు వేసి చూసుకుంటూ పోవాలన్న నిబంధన 1957 నుంచీ ఉంది. హిజ్కియా మనుషులు నీళ్ళ కోసం తవ్వారు, ఇక్కడివాళ్ళు నీళ్ళకు భయపడుతూ తవ్వుతారు.

"తవ్వినంక వాళ్ళకేమిచ్చిన్రు?" పెద్దాయన అడిగాడు.

రాయిలో ఆ ముచ్చట లేదన్నాను.

"ఉండది" అన్నాడు.

మరునాడు ఆదివారం. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ బండి మీద మేడిపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ అంచుకు తీసుకెళ్ళాడు. మట్టి గుట్టలు కొండల్లా లేచాయి, కింద గోతిలో డంపర్లు. ఇక్కడి బొగ్గు గోండ్వానా పొరలది, పాతిక కోట్ల ఏళ్ళకు పైబడింది. గోండుల నేల పేరు మీదుగా ఒక పాత మహాఖండానికే ఆ పేరొచ్చింది. 1871లో ఇల్లందు దగ్గర సింగరేణి గ్రామంలో బొగ్గు ఉందని చెప్పినవాడు భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్. ఆయన సొంత దేశంలో అప్పటికీ చాలామంది ఇళ్ళలోని బైబిళ్ళ మార్జిన్లలో సృష్టి జరిగిన ఏడాది క్రీ.పూ. 4004 అని అచ్చయ్యేది. ఆర్చిబిషప్ అషర్ వేసిన లెక్క అది. కాలానికి ఒక మొదలు ఉంది, అది లెక్కకు అందుతుంది అన్న హీబ్రూ నమ్మకమే అషర్‌తో ఆ కూడికలు చేయించింది. ఆ లెక్కను బొగ్గు పొరలు తప్పని తేల్చాయి. అయినా లెక్కపెట్టాలన్న పట్టుదల ఆ పొరలను చదివినవాళ్ళకూ అక్కడి నుంచే అబ్బిందేమో అని నా అనుమానం.

ఆ అంచు మీద నిలబడి ఎలక్ట్రీషియన్ యోబు గ్రంథం 28వ అధ్యాయం ఎత్తాడు. పాత నిబంధన మొత్తంలో గని పనిని ఇంత దగ్గరగా చూసి రాసిన చోటు మరొకటి లేదు. జనం తిరగని చోట గుంట తవ్వడం, తాళ్ళకు వేలాడుతూ ఊగడం, గద్ద కన్ను చేరని దారి, సింహం అడుగు పెట్టని దారి, కొండను కుదుళ్ళతో తిరగేయడం, ఊరే నీళ్ళకు అడ్డుకట్ట వేయడం అన్నీ ఉన్నాయి. అంత లోతుకు పోయి వెండీ బంగారం తెచ్చే మనిషికి జ్ఞానం మాత్రం ఎక్కడ దొరుకుతుందని ఆ కవి అడుగుతాడు. ఎవరు ఈ కవి? యూదా కొండల్లో గనులు లేవు. దక్షిణాన అరాబా లోయలో తిమ్నా రాగి గనులున్నాయి. 1930ల్లో నెల్సన్ గ్లూక్ అవి సొలొమోనువన్నాడు. 1969లో బెనో రోథెన్‌బర్గ్ అక్కడ ఐగుప్తు దేవత హాతోరు గుడిని బయటపెట్టాక అవి ఫరోలవన్నారు. ఈ మధ్య కార్బన్ పరీక్షలు చేస్తే మళ్ళీ క్రీ.పూ. పదో శతాబ్దపు పనులు పెద్ద ఎత్తున కనిపించాయి. గనులున్నచోట యాజమాన్యం తగాదా మూడు వేల ఏళ్ళయినా తెగదు.

"గద్ద సంగతి కరెక్టే సారూ" అన్నాడు అతను. "కానీ ఇది ఓపెన్‌కాస్ట్. ఇప్పుడు గద్దకు అన్నీ కనబడుతున్నయి." తొంభైల మొదట్లో సింగరేణిలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరున్నారు. బొగ్గు ఉత్పత్తి మాత్రం పెరిగింది.

అతనికి ఆ రోజు సెకండ్ షిఫ్ట్ ఉంది. ఆదివారం ఏమిటని అడిగాను. ప్లే డే అన్నాడు. వారపు విశ్రాంతి రోజున డ్యూటీకి వెళ్తే రెండింతల జీతం. ఆ డ్యూటీలు తగ్గిస్తే సంఘాలు కొట్లాడతాయి. నాకు కావలసిన ముడి అక్కడ దొరికింది.

వారానికో రోజు అందరూ పని ఆపాలన్న నియమాన్ని చట్టంగా రాసుకున్న ప్రాచీన జాతి ఇశ్రాయేలే. ఏడు రోజుల లెక్కకు, గ్రహాల పేర్లకు వేరే చరిత్ర ఉంది. మన దేశంలో తేదీతోపాటు వారం పేరు చెప్పిన మొదటి శాసనం క్రీ.శ. 484 నాటి ఏరణ్ శాసనం, అందులో ఉన్నది గురువారం. ఆ రోజుల్లో ఒకదానిని ఆపడం మాత్రం యూదుల పని. నిర్గమకాండంలో దానికి కారణం సృష్టి. ద్వితీయోపదేశకాండంలో అదే ఆజ్ఞకు కారణం మారిపోయింది: నువ్వు ఐగుప్తులో బానిసగా ఉన్నావు, కనుక నీ దాసుడూ దాసీ, నీ ఎద్దూ గాడిదా, నీ ఊళ్ళో ఉన్న పరదేశీ కూడా ఆగాలి. రోమన్లకు ఇది నవ్వులాట. యూదులు జీవితంలో ఏడో వంతు వృథా చేస్తున్నారని సెనెకా విసుక్కున్నాడు. అదే రోమ్‌లో 321లో కాన్‌స్టాంటైన్ ఆదివారం న్యాయస్థానాలూ కార్ఖానాలూ మూయమన్నాడు, రైతులకు మినహాయింపు ఇచ్చాడు. ఇలాంటిదాన్ని మనం పాశ్చాత్యం అంటున్నాం. పశ్చిమం మొదట వెక్కిరించి, తర్వాత తనదని రాసుకుంది.

మన దేశంలో దీనికోసం కొట్లాడింది జోతిబా ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే. బొంబాయి మిల్లు కార్మికులకు 1890 జూన్ 10న ఆదివారం సెలవు వచ్చింది. ఆదివారం ఖండోబా దేవుడి రోజు కూడా అని ఆయన వాదించాడు. 1952 గనుల చట్టం వారంలో ఆరు రోజులకు మించి ఎవరితోనూ గనిలో పని చేయించకూడదంది. ఏడాదికి అండర్‌గ్రౌండ్‌లో 190 మస్టర్లు (హాజరీలు), పైన 240 నిండితే జీతంతో సెలవులన్న లెక్క కూడా ఆ చట్టంలోదే.

ఇదంతా ఎలక్ట్రీషియన్‌కు తెలుసు. నాకంటే బాగా తెలుసు. మధ్యాహ్నం రెండు దాటాక పెద్దాయన ఇంటి ముందు టీ తాగుతుంటే నేనే కదిపాను.

"మీ పాఠంలో చెప్పింది విశ్రాంతి. మీరు పోతున్నది డ్యూటీకి."

అతను నవ్వలేదు. "వచ్చే శనివారం ఆమోసు చదువుతున్నం సారూ. సబ్బాతు ఎప్పుడు అయిపోతదా, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని షావుకార్లు కాసుక్కూసున్నరని ఆమోసు తిడతడు. క్రీస్తుకు ముందు ఎనిమిదో శతాబ్దంల. ఈడ విశ్రాంతి అమ్ముకునేది షావుకారు కాదు, మేమే. ఇంటి లోను నెలనెలా కట్టాలె, పాప ఫీజు కట్టాలె. ఆమోసు మమ్ముల తిడతడా, షావుకారును తిడతడా? ఈ ప్రశ్నే పెడదామనుకుంటున్న."

"రెండింతలు ఎందుకిస్తున్నరో చెప్పాలె ముందు" అన్నాడు పెద్దాయన. "వాళ్ళు ఊరికె పెట్టలే. ఆ రోజు మనదని ఒప్పుకున్నరు గనుకనే రెండింతలు. కొట్లాడి ఒప్పించినం."

"మనదైతే ఎందుకమ్ముతున్నం కాకా?"

"జీతం సాలక" అన్నాడు పెద్దాయన. "ఆమోసుకు గది చెప్పు."

మూడింటికి షిఫ్ట్. ఎలక్ట్రీషియన్ హెల్మెట్ తీసుకుని బండి స్టార్ట్ చేశాడు. ఆమోసు మీద తెలుగులో మంచి పుస్తకం ఏదైనా దొరికితే పంపమని నాతో అన్నాడు.